44 డిగ్రీల గాలిలో నడిచే గేమ్ బాక్స్: బల్లార్షా ప్రాజెక్టు డైరీ

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో, రేకుల కప్పు ఉన్న ఆట గదిలో ఈ పెట్టె నడవాలి. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో టేబుల్ ఎత్తులో గాలి 44 డిగ్రీలు. ప్లేస్టేషన్ 5 మాన్యువల్లో వాడదగ్గ ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. కంపెనీ మాట ఇచ్చిన హద్దు దాటిన చోట ఖరీదైన కన్సోల్‌ను (ఆటల కోసమే చేసిన యంత్రాన్ని) రోజుకు గంటల తరబడి నడపడం కన్నా, ఈ ఎండకే లెక్క కట్టి పెట్టె తయారు చేయడం మేలనిపించింది.

కాబట్టి లెక్క చిప్పు దగ్గర మొదలు కాలేదు. ఈ గాలిలోకి ఎన్ని వాట్ల వేడిని నమ్మకంగా పంపగలమన్నది ముందు తేల్చాలి. చిప్పు వేగం దానికి లోబడాలి. డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ఆ తర్వాత. కింద రాసిన ఫ్రేమ్‌ల (సెకనుకు తెర మీద మారే బొమ్మల) లెక్కలన్నీ జీటీఏ 5 ఆట లోపలే ఉన్న బెంచ్‌మార్క్ అనే వేగం పరీక్షతో, 1080 రిజల్యూషన్, నార్మల్ సెట్టింగులతో తీసినవి. ధరలు కొన్న నాటివి. ర్యామ్ ధర మాత్రం బాగా మారుతుంటుంది, అడిగి చూసుకోండి.

కొలతకు వాడినవి

1. కె-టైప్ థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ఉన్న మల్టీమీటర్. తీగ కొసను వేడిని తట్టుకునే కాప్టన్ టేపుతో అతికించాలి. మామూలు సెల్లో టేపు వేడికి ఊడిపోతుంది.
2. గోడ సాకెట్‌కు పెట్టే వాట్ మీటర్.
3. చిప్పు లోపలి ఉష్ణోగ్రతకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్.
4. అగరుబత్తి. గాలి ఎటు పోతోందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

ఉష్ణోగ్రతలను గది గాలి కన్నా ఎంత పెరిగిందన్న లెక్కలోనే రాసుకోండి. ఉదయం 31 డిగ్రీల్లో తీసిన అంకెను మధ్యాహ్నం 44లో తీసిన దాంతో నేరుగా పోలిస్తే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

దశ 1: చిప్పు, బోర్డు

ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జి చిప్పు తీసుకున్నాం. ఆరు కోర్లు, లోపలే వేగా గ్రాఫిక్స్, 65 వాట్ల తరగతి, 95 డిగ్రీల హద్దు. చిప్పు కొన్న డబ్బాలోనే కూలర్ (వేడిని లాగే హీట్‌సింక్, దాని మీద ఫ్యాన్) వస్తుంది. విడి గ్రాఫిక్స్ కార్డు పెడితే ఆట వేగం బాగా పెరుగుతుంది. కానీ పెట్టెలో వేడి పుట్టే చోట్లు రెండవుతాయి, రెండింటికీ వేర్వేరు గాలిదారులు కావాలి. 2013 నుంచి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండూ సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్)లను ఒకే చిప్పులో పెడుతున్నాయి. ఒక చిప్పు, ఒక హీట్‌సింక్, ఒక మెమరీ: ఖర్చు తగ్గేది అక్కడే.

ఇదే వరసలో పెద్దదైన 5700జి ఎందుకు కాదంటే, అందులో గ్రాఫిక్స్ యూనిట్లు 8, 5600జిలో 7. రెండూ ఒకే డిజైన్. రెండోదాంట్లో ఒక యూనిట్ మూసేసి అమ్ముతారు. కన్సోల్ కంపెనీలదీ ఇదే పద్ధతి. ప్లేస్టేషన్ 4 చిప్పు మీద 20 యూనిట్లుంటే వాడేది 18, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 56కు 52, ప్లేస్టేషన్ 3 సెల్ ప్రాసెసర్‌లో 8 చిన్న కోర్లకు 7. తయారీలో ఒకటీ అరా చెడిపోయిన చిప్పులను కూడా పారేయకుండా వాడుకునే ఉపాయం అది. పైగా మన పెట్టెలో గ్రాఫిక్స్‌కు అడ్డం పడేది యూనిట్ల సంఖ్య కాదు, మెమరీ వేగం. ఎనిమిదో యూనిట్‌కు పెట్టే డబ్బు దాదాపు వృథా.

మదర్‌బోర్డు బీ450 రకం, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు. పాత స్టాకు బీ450 అయితే 5600జిని గుర్తించడానికి బయోస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ కావాలి. కొనేటప్పుడే దుకాణంలో చేయించుకోండి, లేకపోతే ఇంటికొచ్చాక తెర మీద ఏమీ రాదు.

చిప్పు 11,400, బోర్డు 5,200, 8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ ఒకటి 1,750, 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు 2,900.
ఇప్పటిదాకా: రూ. 21,250

దశ 2: కరెంటు

పవర్ సప్లైని పెట్టె బయట పెట్టాం. 100 వాట్ల లోడ్‌కు 88 శాతం సామర్థ్యమున్న సప్లై దాదాపు 14 వాట్లను వేడిగా వదులుతుంది. ఆ 14 వాట్లు చిప్పు పీల్చే గాలిలో కలవకూడదు. ఎక్స్‌బాక్స్ 360, మొదటి ఎక్స్‌బాక్స్ వన్ ఇదే దారి పట్టి ఇటుకంత అడాప్టర్‌ను బయట ఉంచాయి. ప్లేస్టేషన్ చేసే సోనీ దాన్ని లోపలే పెట్టి, చూడముచ్చటగా ఉండేందుకు గాలిదారి మీద అదనంగా కష్టపడింది. 35 డిగ్రీల గదికి రెండూ సరే. 44కు బయట పెట్టడమే నయం.

మేం వాడినవి: ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే 15 ఆంప్‌ల లోహపు పెట్టె ఎస్‌ఎంపీఎస్, పెట్టె లోపల 12 వోల్టులు తీసుకుని మదర్‌బోర్డుకు ఇచ్చే చిన్న డీసీ-ఏటీఎక్స్ బోర్డు. మొదట వేసిన తీగ 0.75 చదరపు మి.మీ., పొడవు మీటరున్నర, కొసకు గుండ్రటి 5.5 మి.మీ. పిన్ను.

ఆట మొదలైన కాసేపటికే పెట్టె రీస్టార్ట్ అయ్యేది. వేడి వల్ల కాదు, అప్పటికి చిప్పు 70 డిగ్రీలు కూడా దాటలేదు. మల్టీమీటర్ పెడితే ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12.05 వోల్టులు, బోర్డు దగ్గర 11.24. కంప్యూటర్ పవర్ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం 12 వోల్టుల లైన్‌కు ఐదు శాతం మాత్రమే తేడా ఒప్పుకుంటుంది, అంటే 11.40 కంటే దిగకూడదు. ఈ రకం చిన్న డీసీ బోర్డు 12 వోల్టులను సరిచేయదు, వచ్చింది వచ్చినట్టు లోపలికి పంపుతుంది.

లెక్క ఇలా తేలింది. ఆ తీగ పోను రాను కలిపి 0.07 ఓమ్. 8.7 ఆంప్‌ల దగ్గర 0.6 వోల్టులు తీగలోనే పోతాయి. మిగతా 0.2 పిన్ను దగ్గర పోతోంది. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. ఆ సైజు పిన్నులు సాధారణంగా 5 ఆంప్‌ల వాడకానికి చేసినవి.

మార్చినవి:

1. తీగ 2.5 చదరపు మి.మీ., పొడవు ఒక మీటరు.
2. గుండ్రటి పిన్ను తీసేసి ఎక్స్‌టీ60 కనెక్టర్. డ్రోన్ బ్యాటరీలకు వాడేదే.
3. ఎస్‌ఎంపీఎస్ మీది సర్దుబాటు స్క్రూతో ఖాళీగా ఉన్నప్పుడు 12.20 వోల్టులు.
4. ప్లస్ తీగలో 15 ఆంప్‌ల ఫ్యూజు.
5. ఎస్‌ఎంపీఎస్‌కు విడిగా రేకు గూడు, ఆ గూటికీ గేమ్ బాక్స్ రేకుకూ రెంటికీ ఎర్తింగ్. ఈ రకం ఎస్‌ఎంపీఎస్‌ల స్క్రూలు బయటికే కనిపిస్తాయి, వాటిలో 230 వోల్టులుంటాయి. పిల్లలు తిరిగే గదిలో గూడు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు.

తర్వాత పూర్తి లోడ్‌లో బోర్డు దగ్గర 12.06. రీస్టార్ట్ మళ్లీ రాలేదు.

ఎస్‌ఎంపీఎస్ 1,150, డీసీ బోర్డు 2,200, తీగ, కనెక్టర్, ఫ్యూజు, గూడు రేకు ముక్కలు 320, పక్కన పడేసిన పాత తీగ, పిన్ను 250.
ఇప్పటిదాకా: రూ. 25,170

దశ 3: రేకు పెట్టె

1.2 మి.మీ. ఇనుప రేకు. 0.8 మి.మీ. చవకే కానీ ఫ్యాన్ తిరుగుతుంటే మోగుతుంది. లోపలి ఎత్తు 110 మి.మీ., ఒక పక్క నుంచి 120 మి.మీ. ఫ్యాన్ గాలి లోపలికి, వెనక నుంచి బయటికి ఇంకొకటి. ఎత్తు కన్నా ఫ్యాన్ పెద్దది కాబట్టి ఆ రెండు ముఖాలను కాస్త పైకి లేపి వంచాలి. రేకు వంచే అన్నకు అట్టముక్కతో నమూనా చేసి ఇవ్వండి, కాగితం మీద గీస్తే వంపు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది.

గాలి ఎంత కావాలో ముందే లెక్కేసుకోవచ్చు. 100 వాట్ల వేడిని గాలి 8 డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా బయటికి తోయాలంటే నిమిషానికి దాదాపు 24 ఘనపుటడుగుల గాలి కావాలి. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి చల్లని గదికి వేసే లెక్క కన్నా ఇది కొంచెం ఎక్కువ. 120 మి.మీ. ఫ్యాన్ డబ్బా మీద 60 అని రాసి ఉంటుంది. ఆ అంకె ముందు ఏ అడ్డూ లేనప్పటిది. జాలి, ఫిల్టర్, హీట్‌సింక్ దాటాక అందులో చాలా భాగం పోతుందనే అనుకోవాలి.

మొదటి మూతకు 3 మి.మీ. డ్రిల్‌తో 6 మి.మీ. దూరంలో రంధ్రాలు వేయించాం. చూడటానికి చాలా రంధ్రాల్లా ఉంటాయి. నిజానికి తెరిచిన జాగా 20 శాతం కూడా రాదు. లెక్క సులువు: 3 మి.మీ. వృత్తం వైశాల్యం 7.07, ఒక్కో రంధ్రానికి వచ్చే చతురస్రం 36, భాగిస్తే 0.196. ఫ్యాన్ ఊపిరాడక గోల చేసింది, గాలి కదల్లేదు. మూత పక్కన పడేసి, ఫ్యాన్ సైజుకు నిండుగా కోసి, 60 శాతం తెరిచి ఉన్న ఆరు మూలల జాలిని రివెట్లతో బిగించాం.

పోలికకు చిప్పును 50 వాట్ల దగ్గర బిగించి, అరగంట నడిపి, బయటి గాలి మీద ఎంత పెరిగిందో చూశాం:

రంధ్రాల మూత: 46 డిగ్రీలు
జాలి: 39 డిగ్రీలు

పెట్టె పని, రంగు 1,400, పారేసిన మూత 400, జాలి 350, ఫ్యాన్లు రెండు 1,100.
ఇప్పటిదాకా: రూ. 28,420

దశ 4: వేడి గాలిని మళ్లీ పీల్చడం

39 ఇంకా ఎక్కువే. అగరుబత్తి పొగ పెడితే కారణం కనిపించింది. చిప్పు కూలర్ పక్కలకు వదిలిన వేడి గాలి బయటికి పోకముందే చుట్టు తిరిగి అదే కూలర్ పైనుంచి లోపలికి వెళ్తోంది. ఫ్యాన్ వేగం పెంచితే ఆ సుడి ఇంకా బలపడుతుంది తప్ప వేడి తగ్గదు. చప్పుడు పెరిగి ఉష్ణోగ్రత కదలకపోతే గాలి తిరుగుడు ఉందని అనుమానించండి.

10 మి.మీ. ఈవీఏ ఫోమ్‌తో గొట్టం చేసి, పక్క జాలి నుంచి కూలర్ నోటిదాకా బయటి గాలి మాత్రమే వచ్చేలా కట్టాం. చిప్పు వెంటనే దిగింది. అయినా భారీ లోడ్‌లో ఆట వేగం పడిపోవడం ఆగలేదు. చిప్పు 80 దగ్గరే ఉంది, అయినా వేగం తగ్గుతోంది. థర్మోకపుల్‌ను సీపీయూ పక్కన కరెంటు మార్చే మాస్‌ఫెట్ల మీద అతికిస్తే 108 డిగ్రీలు.

చవక బోర్డుల్లో ఆ భాగానికి హీట్‌సింక్ ఉండదు. కూలర్ కిందికి ఊదే గాలే దానికి దిక్కు. ఫోమ్ గొట్టం బోర్డును తాకేదాకా దిగడంతో ఆ గాలిని పూర్తిగా ఆపేసింది. బోర్డు తనను కాపాడుకోవడానికి చిప్పుకు కరెంటు కోసింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చిప్పు అంకె ఒక్కటే చూసేవాళ్లకు ఇది అసలు కనిపించదు.

1. ఫోమ్ గొట్టం కింది అంచును బోర్డుకు 25 మి.మీ. పైదాకా కోసేశాం.
2. మాస్‌ఫెట్ల వైపు అంచును ఇంకో 10 మి.మీ. పైకి.
3. మాస్‌ఫెట్ల మీద 8 మి.మీ. చిన్న అల్యూమినియం హీట్‌సింక్‌లు, వేడి ప్రసరించే టేపుతో.

మాస్‌ఫెట్లు 84కు దిగాయి. చిప్పు అదే 50 వాట్ల పరీక్షలో గాలి మీద 32.5 డిగ్రీలు. అంటే వాటుకు 0.65 డిగ్రీలు. ఇకపై ఈ పెట్టె లెక్కలన్నీ ఈ ఒక్క అంకె మీదే నడుస్తాయి. మీ పెట్టె కట్టగానే ముందు ఈ అంకెను కొలుచుకోండి.

లిక్విడ్ మెటల్ గురించి ఒక మాట. ప్లేస్టేషన్ 5లో చిప్పు మీద పేస్టు బదులు అదే ఉంటుంది. అది చూసి మామూలు కూలర్ మీద పూయకండి. దానిలోని గాలియం అనే లోహం అల్యూమినియాన్ని తినేస్తుంది, 5600జితో వచ్చే కూలర్ అడుగు అల్యూమినియమే. మంచి పేస్టు చాలు.

ఫోమ్, టేపులు, చిన్న హీట్‌సింక్‌లు, ఫిల్టర్ గుడ్డ 280.
ఇప్పటిదాకా: రూ. 28,700

దశ 5: మెమరీ

ఒక్క ర్యామ్‌తో 37 ఫ్రేమ్‌లు. చిప్పు 41 వాట్లే తాగుతోంది, చల్లగానే ఉంది. వేడి వల్ల నెమ్మదిగా లేదు, మెమరీ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంది. రెండో 8 జీబీ ర్యామ్ పెట్టగానే 58 ఫ్రేమ్‌లు. సెకనుకు 25.6 జీబీ ఉన్న మెమరీ దారి 51.2 అయింది.

ఈ ప్రాజెక్టులో పెట్టిన రూపాయల్లో ఎక్కువ ఫలం ఇచ్చింది ఈ 1,750. కన్సోల్ చరిత్రలోనూ ఇదే బేరం పెద్ద ఎత్తున జరిగింది. 2013లో సోనీ ప్లేస్టేషన్ 4లో ఖరీదైన జీడీడీఆర్5 మెమరీ పెట్టి సెకనుకు 176 జీబీ తెచ్చుకుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌లో చవకైన డీడీఆర్3తో 68 జీబీ దగ్గర ఆగి, లోటు తీర్చడానికి చిప్పు లోపలే 32 ఎంబీ వేగమైన మెమరీ పెట్టింది. ఆ మెమరీ చిప్పు మీద చాలా జాగా తినేసింది, గ్రాఫిక్స్ యూనిట్లు 12కే పరిమితమయ్యాయి. ప్లేస్టేషన్ 4లో 18. ర్యామ్ దగ్గర ఆదా చేసిన డబ్బు చిప్పు దగ్గర వేరే రూపంలో కట్టాల్సి వచ్చింది.

రెండు ర్యామ్‌ల వేగాన్నీ 3200 నుంచి 3600కు పెంచి చూశాం. 1.40 వోల్టుల దగ్గర ఇంకో 4 ఫ్రేమ్‌లు వచ్చాయి. ఉదయం మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక్క తప్పు చూపకుండా పూర్తయింది. అదే పరీక్ష 44 డిగ్రీల మధ్యాహ్నం పెడితే తప్పులు వచ్చాయి. వేడెక్కిన మెమరీ కణాల్లో ఛార్జీ త్వరగా కారిపోతుంది, ఉదయపు ఫలితం మధ్యాహ్నానికి చెల్లదు. తిరిగి 3200, 1.35 వోల్టులు. ఏ పరీక్షనైనా రోజులో అతి వేడి గంటలోనే పెట్టండి.

ఇప్పటిదాకా: రూ. 30,450

దశ 6: వాట్ల హద్దు

ఖర్చు లేని దశ, అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సిన దశ. బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ లోపల పీపీటీ అనే అంకె ఉంటుంది, చిప్పు మొత్తం ఎన్ని వాట్లు తీసుకోవచ్చో చెప్పేది. ఈ తరగతి చిప్పుకు కంపెనీ పెట్టేది 88. గాలి 44 దగ్గర:

88 వాట్లు: ఆటలో నిజంగా తీసుకున్నది 71, ఫ్రేమ్‌లు 58, చిప్పు 90 డిగ్రీలు
65 వాట్లు: ఫ్రేమ్‌లు 57, చిప్పు 86
54 వాట్లు: ఫ్రేమ్‌లు 55, చిప్పు 79
45 వాట్లు: ఫ్రేమ్‌లు 51, చిప్పు 73
35 వాట్లు: ఫ్రేమ్‌లు 43, చిప్పు 67

71 నుంచి 54కు దిగితే వేడి నాలుగో వంతు తగ్గింది, ఫ్రేమ్‌లు మూడే పోయాయి. చిప్పు తాగే కరెంటు వేగంతో పాటు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. చివరి కాస్త వేగం కోసం వోల్టేజీని బాగా పెంచాల్సి వస్తుంది కాబట్టి ఆ కొస దగ్గర వాట్లన్నీ దండగే. 45 కిందికి వెళ్తే కథ తిరగబడుతుంది, అక్కడ ప్రతి వాటుకూ ఫ్రేమ్‌లు గట్టిగా పోతాయి.

2020 మార్చిలో ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ వివరించిన సూత్రం ఇదే. పాత పద్ధతిలో వేగం స్థిరం, వాట్లు ఆటను బట్టి మారతాయి. కూలింగ్ డిజైన్ చేసేవాళ్లు అతి భారీ ఆట ఎంత తాగుతుందో ఊహించి కట్టాలి, ఊహ తప్పితే ఫ్యాన్ విమానంలా మోగుతుంది. ప్లేస్టేషన్ 5లో వాట్లు స్థిరం, వేగం మారుతుంది. ఆ వేగం చిప్పు ఉష్ణోగ్రతను చూసి మారదు, చిప్పు చేస్తున్న పనిని చూసి మారుతుంది. అందుకే చల్లని ఊళ్లో ఉన్న కన్సోల్, వేడి ఊళ్లో ఉన్న కన్సోల్ ఒకే ఆటను ఒకేలా నడుపుతాయి. అందులో 36 యూనిట్లను 2.23 గిగాహెర్ట్జ్ దాకా తోలారు. సిరీస్ ఎక్స్ 52 యూనిట్లను 1.825 దగ్గర కదలకుండా ఉంచింది. చిన్న చిప్పును వేగంగా తిప్పితే సిలికాన్ ఖర్చు తగ్గుతుంది, ఆ డబ్బులో కొంత హీట్‌సింక్‌కూ 45 మి.మీ. మందపు ఫ్యాన్‌కూ పోతుంది.

మన హద్దు ఇలా వచ్చింది. 95కు 10 డిగ్రీలు వదిలి 85 అనుకుందాం. అతి వేడి రోజుకు గాలి 47. తేడా 38, దాన్ని 0.65తో భాగిస్తే 58 వాట్లు. దుమ్ము పట్టాక 0.65 పెరుగుతుంది, దానికి కొంత వదిలి 54. ఇప్పుడు జనవరిలోనూ మేలోనూ అదే 55 ఫ్రేమ్‌లు. 88 దగ్గర వదిలేస్తే, సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ పూర్తిగా పనిచేసే సన్నివేశంలో లెక్క ప్రకారం 101 రావాలి. చిప్పు 95 దగ్గర ఆగి వేగం కోసుకుంటుంది, ఆట సరిగ్గా రద్దీగా ఉన్నప్పుడే తడబడుతుంది.

కూలింగ్ దగ్గర లోటు చేస్తే ఏమవుతుందో ఎక్స్‌బాక్స్ 360 చూపించింది. 2005లో వచ్చిన ఆ కన్సోల్‌లో వేడెక్కడం, చల్లారడం పదే పదే జరిగి చిప్పు కింది టంకపు అతుకులు పగిలాయి, ముందు మూడు ఎర్ర దీపాలు వెలిగాయి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, రోజూ ఎంత ఎక్కి ఎంత దిగుతుందన్నది కూడా ఆయుష్షును తింటుందని దాన్ని బట్టి గట్టిగా నమ్ముతున్నాం. 54 ఎంచుకోవడానికి అది రెండో కారణం.

గోడ దగ్గర వాట్ మీటర్ ఆటలో 98 చూపిస్తోంది.

దశ 7: బొగ్గు దుమ్ము, నీళ్ల కూలర్ తేమ

చుట్టూ గనులున్న ఊరు. తెల్ల గుడ్డ ఫిల్టర్ త్వరలోనే నల్లబడుతుంది. లోపలికి ఊదే ఫ్యాన్‌ను బయటికి లాగే దానికన్నా వేగంగా పెట్టండి. అప్పుడు పెట్టె సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దారి తప్ప ఇంకో దారిలో రాదు. మొదట రెండూ ఒకే వేగంలో ఉన్నప్పుడు యూఎస్‌బీ రంధ్రాల చుట్టూ నల్ల చారలు కట్టాయి. ఫిల్టర్ పూర్తిగా పూడుకున్నప్పుడు 0.65 కాస్తా 0.81 అయింది. 54 వాట్ల దగ్గర అది 9 డిగ్రీల పెరుగుదల. ఫిల్టర్‌ను అయస్కాంతపు పట్టీతో బయట పెట్టండి, స్క్రూలు విప్పాల్సి వస్తే ఎవరూ దులపరు.

గదిలో పెట్టే నీళ్ల కూలర్ గురించి చాలామంది అడుగుతారు. మేలో గాలి పొడిగా ఉంటుంది, కూలర్ ముందు గాలి 30 దాకా దిగుతుంది, పెట్టెకూ మేలే. కానీ కూలర్ నోటికి ఎదురుగా పెట్టకండి. సన్నని తుంపర వస్తుంది, ఇక్కడి ఉప్పునీళ్లు ఆరిన చోట బోర్డు మీద తెల్ల పొర మిగులుతుంది. కనీసం రెండు మీటర్ల దూరం, పక్కకు. వాన మొదలయ్యాక కూలర్ గాలి చల్లబడదు, తేమ మాత్రం ఇస్తుంది. అప్పుడు పెట్టె ఉన్న గదిలో మామూలు ఫ్యానే మంచిది. కూలర్ చల్లదనాన్ని నమ్ముకుని వాట్ల హద్దు పెంచకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లగానే ముందు ఆపేది కూలర్‌నే, పెట్టె మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇంకొకటి చూసుకోవాల్సింది ఉంది. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బలహీనపడితే, మెయిన్ ఆపినప్పుడల్లా బయోస్ సెట్టింగులు చెరిగి పీపీటీ మళ్లీ 88కి వెళ్తుంది, ర్యామ్ 2400కో 2666కో పడిపోతుంది. బయటికి కనిపించే గుర్తు ఒకటే: ఫ్రేమ్‌లు తగ్గి, అదే సమయంలో చిప్పు వేడి పెరగడం. ఎండకాలం ముందు కొత్త బ్యాటరీ వేసి, 54, 3200, 1.35 అనే మూడు అంకెలను పెట్టె అడుగున అతికించాం.